ఆస్ట్రేలియాకు హెర్బల్ టీ: డబ్బా మీది పేరు కాదు, లోపలి దినుసులే లెక్క

ముందు మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు చెప్తాను. మీరు మెల్‌బోర్న్‌లో ఉంటున్నారు. విదేశంలో ఒక తయారీదారు చేసే ఏడు దినుసుల హెర్బల్ టీ మీకు నచ్చింది. అందులో చామొమైల్ పూలు, మందార, నిమ్మగడ్డి, సోంపు, నారింజ తొక్క, గులాబీ కాయ, శొంఠి ఉన్నాయి. ఈసారి ప్రయాణంలో రెండు డబ్బాలు తెచ్చుకోవచ్చా, స్నేహితులకు పోస్టులో తెప్పించవచ్చా, బాగుంటే రెండు వందల కిలోలు దింపి అమ్ముకోవచ్చా అని అడిగారు. చివర్లో "మామూలు టీ పొడిని ఎవరూ ఆపరు కదా, దీన్ని మాత్రం ఎందుకు పట్టుకుంటారు?" అన్నారు. ఆ చివరి ప్రశ్న నుంచే మొదలుపెడతాను. అది అర్థమైతే మిగతా మూడింటికీ జవాబు సగం మీకే తెలిసిపోతుంది.

నేను ఇక్కడ పదిహేనేళ్లుగా దిగుమతి సరుకు విడిపించే పనిలో ఉన్నాను. నా చేతి మీదుగా వెళ్లేది ఎక్కువగా ఎండు మూలికలు, మసాలాలు, టీ.

మామూలు టీ పొడి అంటే ఒకే మొక్క ఆకు. దాన్ని వాడబెట్టి, నలిపి, వేడి గాలిలో ఆరబెడతారు. డబ్బాలోకి వచ్చేసరికి అందులో మొలకెత్తేది ఏమీ ఉండదు. హెర్బల్ టీ అనేది అమ్మకం కోసం పెట్టుకున్న పేరు. ఆ పేరు కింద ఎండు పువ్వు ఉండొచ్చు, కాయ, గింజ, బెరడు, వేరు ఏదైనా ఉండొచ్చు. పెట్టె తెరిచిన అధికారికి టీ కనిపించదు, ఈ ముక్కలే కనిపిస్తాయి. ఒక్కో ముక్కను చూసి ఆయన వేసుకునే ప్రశ్నలు మూడే. ఇది మొలకెత్తుతుందా? దీంట్లోంచి పురుగు బయటికొస్తుందా? ఇది ఏ తోటకైనా, పశువుకైనా తెగులు మోసుకొస్తుందా? ఈ మూడింటికీ "లేదు" అనే జవాబు దొరికితే సరుకు వెళ్లిపోతుంది. "తెలియదు" అన్నా చాలు, ఆగిపోతుంది. మా పనిలో నూటికి తొంభై చిక్కులు ఆ "తెలియదు" దగ్గర పుట్టేవే. వాటిని కాగితం మీదే తీర్చవచ్చు.

ఇంత పట్టుదల దేనికని మీకు అనిపిస్తే, విక్టోరియాలోనే ఓ పాత సంగతి ఉంది. సెయింట్ జాన్స్ వోర్ట్ అని పసుపు పూల మూలిక. మనసు దిగులుగా ఉంటే టీగా కాచుకు తాగుతారని మీరూ వినే ఉంటారు. దాన్ని 1875 ప్రాంతంలో బ్రైట్ అనే ఊళ్లో ఒక జర్మన్ మహిళ వైద్యం కోసం పెరట్లో వేసుకున్నారు. అది కంచె దాటి ఊరి గుర్రప్పందేల మైదానంలోకి పాకింది. అక్కడి నుంచి కొండలకు, పచ్చిక బయళ్లకు వ్యాపించింది. అందుకే దానికి అక్కడ "రేస్‌కోర్స్ కలుపు" అని పేరు. దాన్ని మేసిన గొర్రెలకు, ఆవులకు ఎండ తగిలితే చర్మం పుండ్లు పడుతుంది. దాన్ని తినే పెంకు పురుగులను 1930లలో విదేశాల నుంచి తెచ్చి వదిలారు. అయినా అది ఈ రోజుకీ ఇక్కడి రైతులకు తలనొప్పే. ఒక ఇంటి పెరటి మూలిక, మంచి ఉద్దేశంతో తెచ్చింది, చేసిన పని ఇది. మన పొలాల్లో వయ్యారిభామ చేసిన అల్లరి తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆ వయ్యారిభామ క్వీన్స్‌లాండ్‌కు కూడా వచ్చింది, టెక్సస్ నుంచి తెప్పించిన పచ్చిక విత్తనాల్లో కలిసి.

ఇప్పుడు మీ డబ్బా సంగతి. మీరు రాసిన ఏడు దినుసులను తెల్లకాగితం మీద పోసి విడదీసినట్టు చూద్దాం. ఇన్‌స్పెక్షన్ కూడా దాదాపు ఇలాగే జరుగుతుంది. తెల్లటి ట్రే, జల్లెడ, భూతద్దం, మంచి వెలుతురు. గుప్పెడు సరుకు జల్లెడలో పోసి మెల్లగా తట్టి, కిందికి రాలినదాన్ని చూస్తారు. పైన నిలిచిన పువ్వు కంటే ఆ రాలిన పొడి ఎక్కువ కబుర్లు చెప్తుంది.

చామొమైల్ నుంచి మొదలుపెడదాం. చూడ్డానికి చిన్న చామంతిలా ఉండి మధ్యలో పసుపు బుడిపె ఉంటుంది కదా, ఆ బుడిపె ఒక పువ్వు కాదు, వందల చిన్న పూల గుత్తి. ముదిరిన పువ్వయితే అక్కడే గింజ కడుతుంది. అది ఇసుక రేణువంత. టీ బ్యాగుల కోసం సన్నగా నలిపిన చామొమైల్‌కూ, గాజు సీసాలో అందంగా కనపడాలని నిండు పువ్వుగా అమ్మే చామొమైల్‌కూ తేడా ఇక్కడుంది. నిండు పువ్వులనే ఎక్కువ పట్టి చూస్తారు. రెండో సంగతి పురుగు. సిగరెట్ పురుగు, డ్రగ్‌స్టోర్ పురుగు అని గోధుమ రంగులో ఉండే రెండు చిన్న పెంకు పురుగులకు ఎండు మూలికలంటే ప్రాణం. పసుపు బుడిపెకు గుండుసూదితో పొడిచినట్టు గుండ్రటి రంధ్రం, దాని కింద పిండిలాంటి పొడి కనిపించాయంటే లోపల ఎవరో కాపురం ఉన్నట్టే. ఈ రెండు పురుగులూ ఆస్ట్రేలియాలో ఎప్పటినుంచో ఉన్నవే. అయినా ప్రాణమున్న పురుగు కనిపిస్తే సరుకు ఆగుతుంది, ఎందుకంటే అది ఏ జాతిదో గుర్తు పట్టేదాకా ఎవరూ మాటివ్వలేరు.

మందార దగ్గర మీరు ఒక్క క్షణం ఆగాలి. హెర్బల్ టీల్లో "హైబిస్కస్" అని రాసేది మన పెరటి మందార పువ్వు కాదు, గోంగూర కుటుంబపు ఎర్రటి కాయ తొడుగు. శాస్త్రీయ నామం హైబిస్కస్ సబ్దారిఫా. పెరటి మందార హైబిస్కస్ రోజా సైనెన్సిస్. రెండూ ఒకే ప్రజాతి, కానీ రెండు వేరు మొక్కలు. మీ కాగితాల్లో "మందార" అనో ఒట్టి "హైబిస్కస్" అనో రాస్తే, మీరు తెచ్చింది ఏ మొక్కో చెప్పనట్టే లెక్క. నిబంధనలన్నీ శాస్త్రీయ నామం మీద నడుస్తాయి, వాడుక పేరు మీద కాదు. చామొమైల్‌లో కూడా రెండున్నాయి, జర్మన్, రోమన్ అని, వాటి శాస్త్రీయ నామాలు వేరు. మన "సోంపు" అయితే ఇంకా చిక్కు. ఒకరు ఫెన్నెల్‌ను సోంపంటారు, ఇంకొకరు అనీస్‌ను సోంపంటారు. కాబట్టి తయారీదారుకు మీరు రాసే మొదటి మెయిల్‌లోనే ఏడు దినుసులకూ శాస్త్రీయ నామం, మొక్కలో ఏ భాగం, ఏ దేశంలో పండింది, ఈ మూడూ అడగండి. ఇక ఆ ఎర్రటి హైబిస్కస్ తొడుగు మధ్య ఉండే గింజల కాయను చేత్తో తీసేస్తారు కానీ ఒక్కోసారి సగం ఉండిపోతుంది. మూత్రపిండం ఆకారంలో నల్లటి గింజలు దొర్లుతుంటే అదే.

సోంపు దగ్గరే మీ డబ్బాకు అసలు అడ్డు. కారణం ఖాప్రా అనే పురుగు. పెద్దదైతే రెండు మూడు మిల్లీమీటర్లు. పిల్లపురుగు గోధుమ రంగులో, ఒళ్లంతా వెంట్రుకలతో ఉంటుంది. దాని పుట్టిల్లు మన భారత ఉపఖండమే. ఆహారం లేకపోయినా గోడ పగుళ్లలో, పెట్టె మడతల్లో సంవత్సరాల తరబడి నిద్రపోతూ బతకగలదు. నిద్రలో ఉన్నప్పుడు చాలా మందులు దాన్ని ఏమీ చేయలేవు. ధాన్యంలో పడితే తినేది తినగా, విడిచిన పొట్టు, వెంట్రుకలు మిగిలిన ధాన్యాన్ని కూడా పనికిరాకుండా చేస్తాయి. ఇది ఆస్ట్రేలియాలో స్థిరపడితే ఇరవై ఏళ్లలో 15.5 బిలియన్ డాలర్ల నష్టమని ప్రభుత్వ అంచనా. 2020లో దిగుమతైన ఫ్రిజ్‌లతో పాటు ఈ పురుగు వచ్చి బయటపడింది. ఫ్రిజ్‌లోకి ఎలా వచ్చిందంటారా, దానికి ఇల్లు తినే వస్తువే కానక్కర్లేదు. ఆ తరవాత నిబంధనలు ఒక్కసారిగా బిగించారు. 2020 అక్టోబర్ 15 నుంచి "అధిక ప్రమాదం" జాబితాలోని మొక్కల ఉత్పత్తులను ఏ దేశం నుంచైనా సరే, ప్రయాణికుల సామానులో గానీ పోస్టులో గానీ రానివ్వడం లేదు. బియ్యం, సెనగలు, పెసలు, కందులు, వేరుసెనగలు, జీలకర్ర, ధనియాలు, ఎండుమిర్చి వరసలో సోంపు (ఫెన్నెల్ గింజ) కూడా ఉంది. వేయించడం, పాశ్చరైజ్ చేయడం లాంటి వేడి ప్రక్రియ జరిగిన కంపెనీ సరుకుకు మినహాయింపు ఉంది. మీ కలగలుపులో సోంపు నిండు గింజగా, పచ్చిగా ఉంటే మీరు ఎంత అందమైన డబ్బాలో పెట్టినా అదే అందరి కంటా పడేది.

వ్యాపార సరుకు దారి వేరు. అక్కడ ఇలాంటి వాటికి ఎగుమతి చేసే దేశపు వ్యవసాయ శాఖ ఇచ్చే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం వగైరా షరతులతో దారి ఉంటుంది. కానీ రెండు వందల కిలోల టీలో సోంపు పది కిలోలు ఉంటుందేమో. ఆ పది కిలోల కోసం మిగతా నూట తొంభైని బందీ చేయడం నాకు నచ్చదు. తయారీదారును సోంపు లేకుండా కలిపి పంపమనండి. సోంపు రుచి తప్పదంటే ఇక్కడికి వచ్చాక ఇక్కడి సోంపు కలుపుకోండి.

నారింజ తొక్కకు కారణం పురుగు కాదు, తోటల తెగుళ్లు. 2004లో క్వీన్స్‌లాండ్‌లోని ఎమరాల్డ్ దగ్గర సిట్రస్ క్యాంకర్ అనే నిమ్మజాతి చెట్ల తెగులు బయటపడితే, ఆ ప్రాంతంలో నిమ్మజాతి చెట్లన్నీ కొట్టేశారు. పండు మీద మచ్చ ఉన్న చెట్టు, లేని చెట్టు అన్న తేడా లేకుండా. 2018లో నార్తర్న్ టెరిటరీలో మళ్లీ కనిపించి, వదిలించుకోవడానికి 2021 దాకా పట్టింది. ఇన్నాళ్లు నీళ్లు పోసి పెంచిన తోటను తన చేత్తో కొట్టించుకున్న రైతు ఉన్న దేశంలో, నారింజ తొక్క ముక్కను పట్టిపట్టి చూడటం నాకైతే న్యాయంగానే తోస్తుంది. తొక్క ఎంత సన్నగా తరిగారు, ఎంత వేడిలో ఎండబెట్టారు, ఆకు ముక్కలు కలిశాయా అన్నవి లెక్కలోకి వస్తాయి. ఆకులు ఎట్టి పరిస్థితిలోనూ ఉండకూడదు.

గులాబీ కాయ కొనేటప్పుడు "గింజ తీసిన తొక్క, తరిగినది" అని అడగండి. నిండు కాయలో గింజలు గుత్తిగా ఉంటాయి. అడవి గులాబీ జాతి ఒకటి ఇక్కడ ఇప్పటికే కలుపుగా తిష్ఠ వేసింది. నిమ్మగడ్డికి, శొంఠికి పెద్ద పేచీ లేదు. శొంఠి కణుపుల మధ్య మట్టి లేకుండా, లోపలిదాకా ఎండి ఉంటే చాలు. నిమ్మగడ్డిలో వేరే గడ్డి పోచలు, కంకులు కలవకూడదు.

ఇక మీ మూడు ప్రశ్నలు.

ప్రయాణంలో తెచ్చుకోవడం గురించి నేను చెప్పేది ఒక్కటే, డిక్లేర్ చేయండి. విమానంలో ఇచ్చే ఇన్‌కమింగ్ ప్యాసింజర్ కార్డులో గింజలు, మొక్కల భాగాలు, సంప్రదాయ మందులు, మూలికలు ఉన్నాయా అన్న ప్రశ్న ఉంటుంది. మీ టీ దాని కిందికే వస్తుంది. "టీయే కదా" అనుకుని "లేదు" దగ్గర గీత పెట్టేవాళ్లను చాలామందిని చూశాను. "అవును" అని రాసి చూపిస్తే జరిగే నష్టమల్లా డబ్బా పోవడమే. డిక్లేర్ చేసిన సరుకు అనుమతి లేనిదైనా మీకు జరిమానా వేయరు. దాచారని తేలితే కథ మారుతుంది. అక్కడికక్కడే ఇన్‌ఫ్రింజ్‌మెంట్ నోటీసు ఇస్తారు. దాని మొత్తాన్ని పెనాల్టీ యూనిట్లలో లెక్కేస్తారు, 2024 నవంబర్ 7న ఒక్క యూనిట్‌ను 330 డాలర్లు చేశారు. తీవ్రతను బట్టి అది వేల డాలర్లకు పోతుంది. డబ్బు కంటే పెద్దది వీసా. 2019 ఏప్రిల్ నుంచి విజిటర్ వీసాలను ఈ కారణంతో రద్దు చేసే వీలొచ్చింది, 2021 జనవరి 1 నుంచి విద్యార్థులకు, తాత్కాలిక ఉద్యోగ వీసాల వాళ్లకు కూడా వర్తింపజేశారు. మిమ్మల్ని చూడ్డానికి వచ్చే అమ్మగారు, నాన్నగారు పిల్లల మీద ప్రేమతో ఏవేవో సర్దుకొస్తారు. వాళ్లు బయల్దేరేముందు ఫోన్ చేసి, తినేదీ తాగేదీ ఏదున్నా "అవును" అనే రాయమని, భయపడవద్దని చెప్పండి. కార్డు అర్థం కాకపోతే క్యూలో ఉన్న అధికారిని అడగమనండి. అడిగినవాళ్లను ఎవరూ శిక్షించరు.

తెచ్చేది కంపెనీ ప్యాక్, సీలు తీయనిది, పైన దినుసుల పట్టిక ఇంగ్లీషులో ఉన్నది అయితే పని తొందరగా తెములుతుంది. ఇంట్లో ఎండబెట్టి కవర్లో కట్టిన ఆకుల పొడి ఎంత శుభ్రంగా ఉన్నా, అదేమిటో చెప్పడానికి మీ మాట తప్ప ఇంకో ఆధారం ఉండదు.

పోస్టులో తెప్పించడం నేనైతే వద్దంటాను. నియమాలు ప్రయాణికుడికి ఉన్నవే దాదాపు. కానీ విమానాశ్రయంలో అయితే మీరు పక్కనే నిలబడి ఇది ఫలానా అని చెప్పగలరు. విదేశీ పోస్టును తనిఖీ చేసే గేట్‌వేలో మీ డబ్బా ఒంటరిగా ఉంటుంది. ఎక్స్‌రే దాన్ని చూస్తుంది, లాబ్రడార్ కుక్క వాసన చూస్తుంది, తెరిచినవారికి కస్టమ్స్ చీటీ మీద "గిఫ్ట్" అన్న ఒక్క మాట కనిపిస్తుంది. ఆ తరవాత మీకు ఉత్తరం వస్తుంది. మీ ఖర్చుతో వెనక్కి పంపడం, వీలుంటే శుద్ధి చేయించడం, లేదా ధ్వంసం చేయడం. వెనక్కి పంపే ఖర్చు టీ ఖరీదును మించిపోతుంది కాబట్టి అందరూ మూడోదే ఎంచుకుంటారు. తప్పదనుకుంటే చీటీ మీద దినుసులన్నీ విడివిడిగా రాయించండి.

రెండు వందల కిలోల సంగతి ఇప్పుడు. దీనికి మొదటి మెట్టు బైకాన్. వ్యవసాయ, మత్స్య, అటవీ శాఖ నడిపే దిగుమతి షరతుల వెబ్‌సైటు అది, చూడ్డానికి ఏమీ కట్టక్కర్లేదు. మొక్క శాస్త్రీయ నామం కొడితే అది మిమ్మల్ని ప్రశ్నలు అడుగుతుంది. ఏ భాగం, ఏ దేశం, తినడానికా నాటడానికా, ఎలా ప్రాసెస్ చేశారు. చివర్లో పర్మిట్ కావాలో అక్కర్లేదో, ఏ కాగితాలు ఉండాలో చెప్తుంది. కలగలుపు టీకి ఒక్కసారి చూస్తే చాలదు, ఏడు దినుసులకు ఏడుసార్లు చూడండి. వాటిలో ఏది అన్నిటికంటే కఠినమో మొత్తం సరుకుకు అదే షరతు అనుకోండి. ఇంకో మాట. మీరు ఆర్డరు పెట్టిన రోజు చూసిన షరతులు సరుకు దిగే రోజుకు మారిపోవచ్చు, అప్పుడున్నవే చెల్లుతాయి. ఆ పేజీలకు అలర్ట్ పెట్టుకునే వీలుంది, పెట్టుకోండి.

కాగితాల విషయంలో నాకు తగిలిన దెబ్బ చెప్తాను. ఈ పనిలో కొత్తగా ఉన్నప్పుడు ఒకరికి చామొమైల్, గులాబీ కాయ తెప్పించాను, నలభై పెట్టెలు. ఎగుమతిదారు ఇన్‌వాయిస్ మీద "హెర్బల్ టీ, 40 పెట్టెలు" అని రాసి ఊరుకున్నారు. ఎండబెట్టిన విధానం గురించిన తయారీదారు డిక్లరేషన్ ఉంది, సంతకం ఉంది, తేదీ లేదు. ఆ కాగితం ఈ నలభై పెట్టెలకే చెందిందని చెప్పే ఇన్‌వాయిస్ నంబరు కూడా లేదు. బయల్దేరకముందే నేను అడగాల్సింది, అడగలేదు. కొత్త కాగితం వచ్చేసరికి పదకొండు రోజులు పట్టింది, ఆ పదకొండు రోజులూ గోదాము అద్దె నడిచింది. తీరా ఇన్‌స్పెక్షన్‌లో ఒక సంచి చామొమైల్‌లోంచి మూడు పురుగులు ట్రే మీదకు పాకాయి. మూడంటే మూడే. ఆ దృశ్యం ఇప్పటికీ నా కళ్ల ముందుంది, తెల్లటి ట్రే మీద మూడు గోధుమ రంగు చుక్కలు తలో దిక్కు నడిచిపోతున్నాయి. సరుకంతా ఫ్యూమిగేషన్‌కు, అంటే పురుగు చంపే పొగ పెట్టడానికి వెళ్లింది. అది ఆర్గానిక్ సరుకు. మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టాక ఆర్గానిక్ అని అమ్మే వీల్లేదు. కొన్నవారికి లేబుళ్లు మళ్లీ వేయించాల్సి వచ్చింది, ధర తగ్గించాల్సి వచ్చింది. వారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అందుకే ఇంకా బాధ.

అప్పటినుంచి నా పద్ధతి మార్చుకున్నాను. సరుకు ఓడెక్కక ముందే కాగితాలన్నీ స్కాన్ తెప్పించుకుని, ఒక్కో దాంట్లో తేదీ, సంతకం, ఇన్‌వాయిస్ నంబరు, శాస్త్రీయ నామం, పెట్టెల సంఖ్య వరసగా వేలు పెట్టి చూస్తాను. ఒక్కటి కలవకపోయినా "ఎక్కించొద్దు" అంటాను. తయారీదారుకు విసుగొస్తుంది, రానీయండి. పెట్టెలు కొత్తవి, శుభ్రమైనవి అయి ఉండాలి, వాడిన గోనె సంచులు వద్దు. చెక్క ప్యాలెట్లకు ఐఎస్‌పీఎం 15 ముద్ర, అంటే చెక్కలో పురుగు లేకుండా శుద్ధి చేశారని చెప్పే ముద్ర, ఉండాలి. టీ అంతా బాగుండి ప్యాలెట్ బెరడులో పురుగు దొరికి ఆగిన సరుకులూ ఉన్నాయి.

పురుగు చంపడానికి పొగ ఒక్కటే దారి కాదు, రేడియేషన్ కూడా ఉంది. ఇక్కడి ఆహార ప్రమాణాల ప్రకారం హెర్బల్ టీకి వాడే మొక్కల ముక్కలకు 10 కిలోగ్రే (రేడియేషన్ మోతాదు కొలత) దాకా రేడియేషన్ ఇవ్వొచ్చు, మామూలు టీ ఆకుకు ఆ అనుమతి లేదు. మీ కలగలుపులో గ్రీన్ టీ ఆకు కూడా కలిపే ఆలోచన ఉంటే ఇది గుర్తుంచుకోండి. రేడియేషన్ ఇచ్చారని లేబుల్ మీద రాయాలి, అది చదివి డబ్బా తిరిగి అరలో పెట్టేసే కొనుగోలుదారులున్నారు. అన్నిటికంటే చవక, మేలు తయారీ దగ్గరే సరిగ్గా ఎండబెట్టి, జల్లెడ పట్టి, గాలి చొరని సంచిలో సీలు వేయడం. పురుగును వెళ్లగొట్టే ఖర్చుకంటే రానివ్వకుండా చూసే ఖర్చు ఎప్పుడూ తక్కువే అయింది నా లెక్కల్లో.

బయోసెక్యూరిటీ, అంటే పురుగులు, తెగుళ్లు దేశంలోకి రాకుండా చూసే తనిఖీ, దాటితే అయిపోయిందనుకోకండి. అది 2015 నాటి బయోసెక్యూరిటీ చట్టం పని. అమ్మకానికి తెచ్చే ఆహారానికి 1992 నాటి ఇంపోర్టెడ్ ఫుడ్ కంట్రోల్ చట్టం వేరే ఉంది. ఇంట్లో తాగడానికి తెచ్చుకున్నదానికి అది పట్టదు. అమ్మేదానికి పడుతుంది. మామూలు నిఘా కిందికి వచ్చే ఆహార సరుకుల్లో నూటికి అయిదింటిని తీసి పరీక్షిస్తారు. లేబుల్ ఇంగ్లీషులో ఉండాలి, దాని మీద ఆస్ట్రేలియాలోనో న్యూజిలాండ్‌లోనో ఉన్న మీ వ్యాపారం పేరు, చిరునామా ఉండాలి. కొన్ని మొక్కలు ఆహారంలో ఉండనే కూడదన్న జాబితా ఉంది, కామ్‌ఫ్రే అందులో ఒకటి. యూరప్ పాత మూలికా టీల్లో అది ఇంకా కనిపిస్తుంది, కాలేయానికి చేటు. మీ ఏడింటిలో అలాంటిదేమీ లేదు.

డబ్బా మీద ఏం రాస్తారన్నది కూడా పెద్ద విషయం. "షుగర్ తగ్గిస్తుంది", "నిద్రలేమికి మందు" అని రాశారంటే మీరు టీ అమ్ముతున్నట్టు కాదు, మందు అమ్ముతున్నట్టు. అప్పుడు మందులను నియంత్రించే థెరప్యూటిక్ గూడ్స్ అడ్మినిస్ట్రేషన్ పరిధిలోకి వెళ్తారు, అది మరో లోకం, మరో ఖర్చు. తయారీదారు బ్రోషర్‌లో ఉన్న పొగడ్తలను ఇక్కడి వెబ్‌సైటులో యథాతథంగా పెట్టొద్దు. రుచి గురించి, వాసన గురించి ఎంతైనా రాయండి. ముందు ముందు వేర్లు, అరుదైన మూలికలు కలపాలనుకుంటే అంతరించిపోతున్న జాతుల ఒప్పందం కూడా చూసుకోవాలి. మన కోష్టు వేరు దాని మొదటి అనుబంధంలోనే ఉంది, అంటే వ్యాపారం దాదాపు మూతే. కలగలుపులో పాల పొడి చేరితే పశువుల గాలికుంటు వ్యాధి నియమాలు మీద పడతాయి, తేనె చేరితే వెస్టర్న్ ఆస్ట్రేలియా రాష్ట్రం తలుపు వేసేస్తుంది. ఉత్త మొక్కల టీగానే ఉంచండి.

ఒక మంచి కబురు కూడా ఉంది. ఇక్కడి జీఎస్టీ చట్టం టీని, హెర్బల్ టీతో సహా, పన్ను లేని వస్తువుల్లో చేర్చింది. సరుకు విలువ 1000 డాలర్లు దాటితే పూర్తి దిగుమతి డిక్లరేషన్ వేయాలి. మొదటి రెండు మూడుసార్లు కస్టమ్స్ బ్రోకర్ చేత వేయించండి, అందులోనూ మొక్కల సరుకు తరచూ చేసేవారిని వెతకండి. యంత్రాలు, బట్టలు చేసే బ్రోకర్ ఎంత సమర్థుడైనా "ఏ భాగం, ఏ జాతి" అని మిమ్మల్ని అడగాలన్న ఆలోచన ఆయనకు రాకపోవచ్చు.

కాబట్టి ఈ ప్రయాణంలో మీరు ఏం చేయాలంటే, ఆ ఏడు దినుసుల డబ్బాలను అక్కడే వదిలేయండి. సోంపు లేకుండా, నారింజ తొక్క లేకుండా, గులాబీ కాయ గింజ తీసి, సన్నగా నలిపి టీ బ్యాగుల్లో పెట్టిన రకం వాళ్ల దగ్గర ఉంటే రెండు డబ్బాలు తెచ్చుకుని కార్డు మీద "అవును" రాసి అధికారికి చూపించండి. వ్యాపారం సంగతికి ఒక్కో దినుసును తెల్లకాగితం మీద పోసి, పక్కన స్కేలు పెట్టి, దగ్గరగా ఫొటో తీసి పంపమని తయారీదారును అడగండి. గింజ ఉందో లేదో మీకే కనిపిస్తుంది. "శాంపిల్‌గా అర కిలో పోస్టులో పంపిస్తాం, దానికేం కాదు" అని వాళ్లు తప్పకుండా అంటారు. శాంపిల్ అని రాసినా, అమ్మకానికి కాదని రాసినా, ఆ అర కిలోకు ఉన్న నియమాలు రెండు వందల కిలోలకు ఉన్నంత గట్టివే. ఫొటోలు వచ్చాక, శాస్త్రీయ నామాలు చేతికి అందాక బైకాన్‌లో చూడండి. అక్కడ ఏదైనా దినుసు దగ్గర ఆగిపోతే ఆ పేరు, అక్కడ కనిపించిన షరతు ఇక్కడ రాయండి, కలిసి చదువుదాం.